మెట్లబావి ఉండగా పొగ మిషన్ ఎందుకు?

సంపాదకునికి,

ఈమధ్య థ్రిల్లర్ అంటే చాలు, అదే పొగమంచు, అదే పాడుబడ్డ బంగళా. తాళంచెవి కనపడితే కెమెరా దాని మీదికి దూకుతుంది, వెనక ఢామ్మని ఒక మోత. ఇదిగో క్లూ అని వాళ్లే చెప్పేశాక ఇంక టెన్షన్ ఎక్కడిది?

1960లో హిచ్‌కాక్ తీసిన ‘సైకో’లో మోటెల్ ఆఫీసు వెనక ఒక చిన్న గది. చచ్చిన పక్షుల్లో గడ్డి కూరి అక్కడ అలంకరించి ఉంటారు. మోటెల్‌లో దిగిన అమ్మాయి అక్కడ తింటుంటే, మోటెల్ నడిపే కుర్రాడు మర్యాదగా కబుర్లు చెబుతుంటాడు. పైన గుడ్లగూబ రెక్కలు చాచి, ఇప్పుడే మీద పడేలా ఉంటుంది. అతని మాటల కన్నా ఆ పిట్టే ఎక్కువ భయపెడుతుంది.

మా వరంగల్ శివనగర్‌లో కాకతీయుల నాటి మెట్లబావి ఉంది. ఓ మధ్యాహ్నం పోయి చూశాను. పై మెట్ల మీద మండే ఎండ, కింద నీడ, నాచు వాసన. రోడ్డు మీది ఆటో హారన్ ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టుంది. ఆ మెట్టు మీద ఒంటి చెప్పు ఒకటి పెట్టండి, చాలు. పొగ మిషన్ కిరాయి మిగులుతుంది.

షూటింగ్ అయ్యాక టీ కప్పులు మాత్రం బావిలో పడేసి పోకండి.

– ఒక పాఠకుడు, హనుమకొండ