పాఠకుల సంఘం వార్షిక నివేదిక, 2024–25

గౌరవ సభ్యులకు నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు మన సంఘం చేసిన పనుల వివరాలను కార్యవర్గం తరఫున మీ ముందు ఉంచుతున్నాను. ఒకరికి నచ్చిన పుస్తకాన్ని మరొకరి చేతికి చేర్చడమే మన సంఘం పని కనుక, ఈ నివేదికలో సమావేశాల లెక్కల కంటే పుస్తకాలు చేతులు మారిన తీరు గురించే ఎక్కువగా ప్రస్తావిస్తున్నాను.

ఏటా మనం తయారుచేసే ‘తప్పక చదవవలసిన పుస్తకాల’ జాబితాను ఈ సంవత్సరం నుంచి ఆపేయాలని కార్యవర్గం మొదటి సమావేశంలోనే నిర్ణయించింది. కొందరు పెద్దలకు ఇది రుచించలేదు. జాబితా లేకపోతే కొత్తగా చేరినవారికి దారి చూపేదెవరని వారు అడిగారు. వారి ప్రశ్న న్యాయమైనదే. అయితే పాత జాబితాలను పక్కపక్కన పెట్టి చూస్తే, అవే పదీ పన్నెండు పేర్లు వరుస మార్చుకుని మళ్లీ మళ్లీ వస్తున్నాయి. నలుగురిలో నిలబెట్టి గొప్ప పుస్తకం పేరు చెప్పమంటే ఎవరైనా గౌరవం తెచ్చే పేరే చెబుతారు తప్ప, రాత్రి రెండింటి దాకా మేలుకుని చదివిన డిటెక్టివ్ నవల పేరు చెప్పరు. అలా తయారైన జాబితా చదివినవారికి అక్కరకు రాదు, చదవనివారికి బెరుకు పుట్టిస్తుంది.

జాబితాకు బదులు చీటీ పద్ధతి పెట్టుకున్నాం. పుస్తకం ఇచ్చే సభ్యులు పోస్టుకార్డంత అట్టముక్క ఒకటి అందులో ఉంచి, దాని మీద మూడు సంగతులు రాయాలి. ఈ పుస్తకం ఎలాంటివారికి నచ్చుతుంది, ఎలాంటివారికి నచ్చకపోవచ్చు, ఎన్ని పేజీల దాకా ఓపిక పట్టాలి అన్నవే ఆ మూడు. కథ చెప్పకూడదు, ‘అద్భుతం’, ‘అమోఘం’ వంటి మాటలు వాడకూడదు. రెండో సంగతి దగ్గర మొదట్లో చాలామంది కలం ఆగిపోయింది. తనకు ప్రాణమైన పుస్తకం ఎవరికి నచ్చదో తన చేత్తో రాయడానికి ఎవరికీ మనసొప్పదు. తీరా చూస్తే, పుస్తకం తీసుకునేవారు అన్నిటికంటే ముందుగా చదివేది ఆ వాక్యాన్నే. ఒక నవలలోని చీటీ మీద ‘మాండలికం కొత్తయితే మొదటి ముప్పై పేజీలు పైకి చదువుకోండి, చెవికి అలవాటయ్యాక కంటికి అడ్డు రాదు, కథ గబగబా నడవాలనుకునేవారు దీని జోలికి రాకండి’ అని నీలిసిరాతో రాసి ఉంది. ఆ తర్వాత చదివినవారు దాని కిందే వేరువేరు సిరాలతో తమ మాట చేర్చారు. ఒకరు ‘ముప్పై కాదు, యాభై’ అని దిద్దితే, ఇంకొకరు ‘నాకు పదికే అలవాటైంది, మాది ఆ జిల్లాయే’ అని రాశారు. పత్రికల్లో వచ్చే పుస్తక సమీక్షలు చాలావాటి కంటే ఈ అట్టముక్కే ఎక్కువ పనికొచ్చేదని నా అభిప్రాయం.

నెలనెలా రెండో ఆదివారం జరిగే సమావేశంలో అడిగే ప్రశ్నను కూడా మార్చాం. ‘మీకు ఎలాంటి పుస్తకాలు ఇష్టం’ అని అడిగితే వచ్చే జవాబు పాత అలవాటునే చెబుతుంది. చారిత్రక నవలలంటే మరో చారిత్రక నవల చేతిలో పెట్టి పంపించేస్తాం. ఇప్పుడు ‘ఈ మధ్య ఏ పుస్తకాన్ని మధ్యలో వదిలేశారు, సరిగ్గా ఎక్కడ వదిలేశారు’ అని అడుగుతున్నాం. బ్యాంకు ఉద్యోగం నుంచి పదవీ విరమణ చేసిన సభ్యురాలు ఒకరు తాను చరిత్ర తప్ప మరొకటి చదవనని మొదటి రోజే చెప్పారు. ఈ ప్రశ్న వేసేసరికి, ఓ లావుపాటి చారిత్రక నవలను యుద్ధం మొదలైన చోట మూసేశానని, అంతకు ముందున్న అంగళ్లు, శిస్తులు, పండగల వర్ణన మాత్రం రెండుసార్లు చదివానని ఆమె చెప్పారు. పక్కనే కూర్చున్న డిగ్రీ విద్యార్థిని వెంటనే “అయితే ఆంటీ, మీకు కావలసింది రాజుల సంగతి కాదు, అప్పట్లో జనం ఎట్లా బతికారన్నది” అంటూ దాశరథి రంగాచార్య ఆత్మకథ ‘జీవనయానం’ తీసి ఇచ్చింది. “ఆత్మకథలు నాకు పడవమ్మా” అంటూనే ఆమె తీసుకున్నారు. మరుసటి నెల దాన్ని తిరిగి ఇచ్చేటప్పుడు చీటీలోని రెండో వాక్యం కొట్టేసి, ‘ఆత్మకథలు పడనివారు కూడా చదవవచ్చు’ అని రాశారు.

ఆ ఒక్క పుస్తకంతో మొదలైన వరుస ఏడాదంతా సాగింది కనుక దాన్ని కొంత వివరంగా రాస్తున్నాను. రంగాచార్య ఆత్మకథ చదివినవారు ఆయన నవల ‘చిల్లర దేవుళ్లు’ అడిగారు. అది చదివినవారు నిజాం కాలపు తెలంగాణ పల్లెను ఆయన కంటే ముందు నవలకెక్కించిన వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ దగ్గరికి వెళ్లారు. ఆళ్వారుస్వామి 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలు అచ్చువేయడంతో ఆగక వాటిని ఊరూరా మోసుకెళ్లి అమ్మినవారు. చదివించడమే పనిగా పెట్టుకున్న మనిషి రాసిన నవల అని తెలిశాక దాన్ని అడిగేవారు ఇంకా పెరిగారు. ఆయనతో పాటు నిజామాబాదు జైలులో ఉన్న కవి, రంగాచార్య అన్నగారు అయిన దాశరథి కృష్ణమాచార్య తన ‘అగ్నిధార’ను ఆళ్వారుస్వామికే అంకితమిచ్చారని ఒక సభ్యుడు గుర్తుచేయడంతో, వచనం తప్ప పద్యం ముట్టని కొందరు కూడా ఆ పుస్తకాన్ని అడిగి తీసుకున్నారు. అంకితం పేజీ కూడా ఒక సిఫారసే కదా. నిజాంపై పోరాటాన్ని నవలలుగా రాసిన రంగాచార్యే నాలుగు వేదాలనూ తెలుగులోకి తెచ్చారన్న సంగతి దగ్గర మాత్రం సమావేశం రెండు పక్షాలుగా చీలి, టీ చల్లారేదాకా వాదించుకుంది.

ఆగస్టు 12న గ్రంథపాలకుల దినోత్సవం సందర్భంగా గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన గ్రంథాలయ సూత్రాల గురించి మాట్లాడుకున్నాం. ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం అందాలన్న రెండో సూత్రం అందరికీ తెలిసినదే. ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకాలన్న మూడో సూత్రం మీదే ఆ రోజు చర్చ ఎక్కువగా నడిచింది. ఇంట్లో అటక మీద ఉన్న పుస్తకాల్లో ఒకదానికి పాఠకుణ్ణి వెతికిపెట్టే పనిని ప్రతి సభ్యుడూ తీసుకోవాలని అప్పుడే తీర్మానించాం. ఫలితం మిశ్రమంగా ఉంది. వైద్య చిట్కాల పుస్తకాలకు, పాత గైడ్లకు పాఠకులు దొరకలేదు, దొరకాలని కూడా నేను అనుకోను.

అనువాదాల విషయంలో సభ్యులు ఈ ఏడాది కొత్త దారి పట్టారు. మూల రచయిత పేరు పట్టుకుని కాకుండా అనువాదకుల పేరు పట్టుకుని వెళ్లడం ఆ దారి. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించిన ‘ఏడు తరాలు’ చదివినవారు దాని అనువాదకుడు సహవాసి పేరున్న మరో పుస్తకం ఏదైనా ఉందా అని అడిగారు. పి. సత్యవతి కథలు ఇష్టపడేవారికి ఆమె తెనిగించిన ‘ఒక హిజ్రా ఆత్మకథ’ ఇచ్చాం; 2019కి సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం పొందినది ఈ పుస్తకమే. చిన్నప్పుడు నున్నటి కాగితం మీద అచ్చయిన సోవియట్ పుస్తకాలు చదివి పెరిగిన తరం వారికి, మాస్కోలో కూర్చుని వాటిలో కొన్నింటిని తెలుగు చేసిన ఉప్పల లక్ష్మణరావు స్వయంగా ‘అతడు–ఆమె’ అనే నవల రాశారన్న సంగతి కొత్తగా తెలిసింది. మంచి తెలుగు రాయగలిగిన అనువాదకులకు మంచి పుస్తకం ఎంచుకునే చూపు కూడా సాధారణంగా ఉంటుంది కాబట్టి ఈ దారి అరుదుగా మోసం చేస్తుంది.

నవంబరు సమావేశంలో దాశరథి కృష్ణమాచార్య ‘గాలిబ్ గీతాలు’ చదువుకున్నాం. ఉర్దూ మాధ్యమంలో చదువుకున్న విశ్రాంత ఉపాధ్యాయుడొకరు ముందు ఉర్దూ షేర్ (రెండు పాదాల పద్యం) చదివితే, తర్వాత మరొకరు తెలుగు పద్యం చదివారు. రెండు మూడు చోట్ల మాస్టారు “ఇక్కడ దాశరథి గారు గాలిబ్‌ను కొంచెం మనవాణ్ణి చేసేశారు” అని నవ్వారు. ఉర్దూ రాని సభ్యులు ఆ సాయంత్రమే ఇంకా ఏయే ఉర్దూ పుస్తకాలు తెలుగులో దొరుకుతాయో రాసిపెట్టమని ఆయనను పట్టుబట్టారు.

డిసెంబరులో ఎన్.టి.ఆర్. స్టేడియంలో జరిగిన పుస్తక ప్రదర్శనకు సభ్యులు జతలుగా వెళ్లారు. ఒకరి డబ్బుతో మరొకరు ఎంచిన పుస్తకం కొనాలన్నది షరతు. భార్యాభర్తలను ఒకే జతలో ఉంచకపోవడం మంచిదని అనుభవజ్ఞులు చేసిన సూచనను పాటించాం.

దొరకని పుస్తకాల సమస్య అలాగే ఉంది. ఒక పుస్తకం గురించి ఊరిస్తూ చీటీ రాయడం తేలికే. అది మార్కెట్లో లేకపోతే ఆ చీటీ అడిగినవారికి చిరాకే మిగులుస్తుంది. అందుకే ఆదివారాల్లో ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదా, మిగతా రోజుల్లో కోఠి పాత పుస్తకాల దుకాణాల్లోనూ వెతికే బాధ్యతను కొందరు యువ సభ్యులు తీసుకున్నారు. ఆబిడ్స్‌లో దొరికిన ఒక పాత నవల లోపలి అట్ట మీద, ఎప్పుడో మూతపడిన అద్దె పుస్తకాల షాపు ముద్ర, దాని కింద ‘పేజీలు చించినచో పూర్తి వెల వసూలు చేయబడును’ అన్న హెచ్చరిక ఉన్నాయి. దాన్ని చూసి పెద్దలు ఆ షాపులవాళ్లను తలుచుకున్నారు. యద్దనపూడి కోసం వచ్చేదెవరో, మధుబాబు కోసం వచ్చేదెవరో ఆ షాపువాడికి మొహం చూస్తే తెలిసేది. కొత్త పుస్తకం రాగానే సరైన పాఠకుడి కోసం బల్ల కింద దాచి ఉంచేవాడు. మన చీటీ చేయాలనుకుంటున్న పని అతను ఏ చీటీ లేకుండానే చేశాడు.

గ్రంథాలయాల విషయానికి వస్తే, 1901లో రావిచెట్టు రంగారావు ఇంట్లో మొదలై నేడు సుల్తాన్ బజారులో ఉన్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయాన్ని, 1891లో ఆసఫియా పేరుతో ఏర్పడిన అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయాన్ని సభ్యులు సందర్శించారు. పాత పత్రికల సంపుటాలు చూడాలనుకునేవారు ఉదయమే వెళ్లడం మంచిది. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో కుర్చీలన్నీ పోటీ పరీక్షలకు చదువుకునే యువకులతో నిండి ఉంటాయి. కథల పుస్తకాల అరల దగ్గర మాత్రం నిలబడేవారు తక్కువ. గ్రూప్స్ పరీక్షకు చదువుతున్న ఒక యువకుడు మన సభ్యురాలి చేతిలోని చీటీ చదివి, “పరీక్ష అయినంక ఇది నాకు ఇస్తరా మేడమ్” అని అడిగి ఫోన్ నంబరు రాసిచ్చాడు. ఆయన పేరు ఇప్పుడు మన సభ్యుల పట్టికలో ఉంది. ఎక్కడా దొరకని కథల కోసం, కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయం స్కాన్ చేసి ఉంచిన కథలను ఆశ్రయించాం. కళ్ల శుక్లాల వల్ల చిన్న అక్షరాలు చదవలేని పెద్దలకు వాటిని పెద్ద అక్షరాల్లో చూపించడం కూడా వీలైంది.

ముందుగా మాట ఇచ్చిన సమావేశ మందిరం వారు చివరి నిమిషంలో దాన్ని పెళ్లి విందుకు ఇచ్చేయడంతో జూన్ సమావేశం ఒక సభ్యురాలి ఇంటి మేడ మీద జరిగింది. ఆమెకు కార్యవర్గం కృతజ్ఞతలు తెలుపుతోంది. జమాఖర్చుల పట్టికను సర్వసభ్య సమావేశంలో విడిగా సమర్పిస్తున్నాం. ఖర్చులో ఎక్కువ భాగం టీకి, అట్టముక్కలకు, పాత పుస్తకాల బైండింగుకు అయింది. చందా పెంచే ప్రతిపాదన ఏదీ లేదు.

వచ్చే సంవత్సరానికి కార్యవర్గం రెండు ప్రతిపాదనలు చేస్తోంది. మాస్టారు రాసిచ్చిన ఉర్దూ అనువాదాల పట్టిక ఆధారంగా మూడు నెలలకొక సమావేశం జరపడం మొదటిది. పదేళ్లు దాటిన పిల్లల చేత చీటీలు రాయించడం రెండోది. పిల్లలకు ఏది నచ్చుతుందో పెద్దలు నిర్ణయించడం ఆపితే ఎలాంటి పుస్తకాలు బయటికి వస్తాయో చూడాలని ఉంది. ఈ రెండింటి మీదా సభ్యులు తమ అభిప్రాయం సర్వసభ్య సమావేశంలో చెప్పవచ్చు. అదే రోజు కొత్త కార్యవర్గం ఎన్నిక కూడా ఉంటుంది. గడువు దాటిన పుస్తకాలు ఇంకా తమ దగ్గర ఉంచుకున్నవారు వాటిని చీటీలతో సహా ఆ రోజు తీసుకురావలసిందిగా కోరుతున్నాను. పుస్తకం పూర్తిగా చదవకపోయినా ఫరవాలేదు, ఎక్కడ ఆపారో చీటీ మీద రాయండి.

కార్యదర్శి