మీరు ‘పరిష్కరించాం’ అని మూసేసిన ఫిర్యాదు గురించి పన్నెండో ఉత్తరం

విజయవాడ,
15 సెప్టెంబర్ 2025.

కస్టమర్ సేవల మేనేజరు గారికి,

విషయం: మే నెల ఫ్రాన్స్ సైకిల్ టూరు, ఆ తర్వాత మీ నాలుగు నెలల మౌనం.

అయ్యా / అమ్మా (మీరెవరో నాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు కాబట్టి రెండూ రాస్తున్నాను),

ఇంతకుముందు మీకు పదకొండు మెయిళ్లు ఇంగ్లీషులో పెట్టాను. ఒక్కదానికీ మనిషి రాసిన జవాబు రాలేదు. ఎలాగూ చదవనప్పుడు నాకు సుఖంగా ఉన్న భాషలో రాసుకుంటే కనీసం నా కడుపు మంటైనా చల్లారుతుందని ఈ పన్నెండోది తెలుగులో రాసి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. మీ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది. చదివి పెట్టడానికి గేటు దగ్గర సెక్యూరిటీ అతనైనా దొరక్కపోడు.

సైకిలుకి ఏమైందో ముందే చెప్పి వదిలేస్తాను. మా ఆవిడకి మీరిచ్చిన బ్యాటరీ సైకిలు మొదటి రోజు మధ్యాహ్నానికే మొండికేసింది. యంత్రమన్నాక పాడవుతుంది. నేను 34 ఏళ్లు రైల్వేలో పనిచేసి స్టేషన్ మాస్టరుగా రిటైరైనవాణ్ణి. ఇంజన్లే సెక్షన్ మధ్యలో ఆగిపోవడం చూశాను, సైకిలెంత? దాని మీద నాకేమీ కోపం లేదు. ఆ తర్వాత మీరు మాతో ఆడిన ఆట మీదే నా కోపమంతా.

అసలు ఈ టూరు ఎందుకు తీసుకున్నానో మీకు తెలియదు. అడిగితే కదా! బుర్గుండీ ప్రాంతంలో షలోన్ నుంచి క్లూనీ మీదుగా మాకోన్ వెళ్లే పాత రైలు లైను ఒకటుండేది. బళ్లు ఆగిపోయాక పట్టాలు తీసేసి, ఆ కట్ట మీదే సైకిళ్లకీ నడిచేవాళ్లకీ దారి వేశారు. వ్వా వెర్త్ అంటారు, పచ్చదారి అని అర్థం. 1997లో జీవ్రీ నుంచి క్లూనీ దాకా 44 కిలోమీటర్లు తెరిచారు. ఫ్రాన్స్‌లో ఈ తరహా దారుల్లో అదే మొదటిది. కారు గానీ మోటారు సైకిలు గానీ దాని మీదికి రాకూడదు. పైగా ఒకప్పుడు రైలు నడిచిన దారి కాబట్టి నిటారు ఎక్కుళ్లు ఉండవు. ఆవిరి ఇంజను ఎక్కగలిగిన వాలు మా మోకాళ్లు ఎక్కలేవా అని మా ఆవిడని ఒప్పించింది నేనే. మా వైపు కాకినాడ–కోటిపల్లి లైను రెండో ప్రపంచ యుద్ధకాలంలో పట్టాలు పీకేస్తే 2004లో మళ్లీ వేశారు. పీకేసిన లైనుని ఇలా కూడా బతికించుకోవచ్చా, ఒకసారి కళ్లారా చూద్దాం అని ఆశ. పాత స్టేషన్ భవనాలు దారి పొడుగునా ఉంటాయని మీ బ్రోషర్‌లోనే రాశారు. ఉన్నాయి కూడా. ఆ ఒక్క మాటకీ మిమ్మల్ని తప్పుపట్టను.

మే 8, గురువారం. పొద్దున్నే షలోన్‌లో బయల్దేరాం. జీవ్రీ దాటాక ద్రాక్షతోటలు, పచ్చిక, తెల్లటి షరోలే ఆవులు. బ్యూసీ అనే ఊరు దాటి కొంత దూరం పోయాక సైకిలు ఆగింది. అక్కడ టైము 12:40, మీ దగ్గర సాయంత్రం 4:10. టైములు ఇంత ఖచ్చితంగా ఎలా చెబుతున్నాడా అనుకోకండి, స్టేషన్ డైరీ రాసిన చెయ్యి ఇది. మీ వాళ్లతో మాట్లాడిన ప్రతి కాలూ నా నోటు పుస్తకంలో ఉంది.

12:50. మీ ‘24 గంటల సహాయ కేంద్రం’లో ఒక అమ్మాయి ఎత్తింది. బుకింగ్ నంబరు, పుట్టిన తేదీ, మెయిల్ ఐడీ అన్నీ చెప్పించుకుంది. “మీ ఇబ్బంది నాకు అర్థమైంది సర్, లైన్‌లో ఉండండి” అంది. రోమింగ్‌లో 17 నిమిషాలు వీణ వాయించారు. ఫోన్ కట్ అయింది. ఆ రాగం ఇప్పటికీ కలలోకి వస్తోంది.

1:20. ఈసారి ఒక బాబు. నా కథ మొదటి నుంచి మళ్లీ చెప్పాను. “మీరున్న చోట ల్యాండ్‌మార్క్ ఏదైనా చెప్పండి సర్” అన్నాడు. ఎడమ పక్క ఆవులు, కుడి పక్క ద్రాక్షతోట అన్నాను. “అలా కాదు సర్, పక్కన రోడ్డు పేరు చెప్పండి, వెహికిల్ పంపాలంటే రోడ్డు కావాలి” అన్నాడు. బాబూ, పక్కన రోడ్డు ఉండకూడదనే కదయ్యా మీకు అంత డబ్బు కట్టింది! ఊరి పేరు అడిగితే బి, యు, ఎక్స్, వై అని స్పెల్లింగ్ చెప్పాను. “బిజీ ఉన్నారా సర్, అయితే తర్వాత చేస్తాను” అని పెట్టేశాడు. ఇది నేను కల్పించి రాస్తున్నానని అనుకుంటే మీ దగ్గర రికార్డింగ్ ఉంటుంది కదా, ‘నాణ్యత కోసం’ చేసేది, అది వినండి.

1:45. ఇంకో అమ్మాయి. ఇది తమ పని కాదంది, ఫ్రాన్స్‌లో మీ లోకల్ పార్ట్‌నర్‌దట. ఆ నంబరుకి చేస్తే ఫ్రెంచిలో ఏదో రికార్డు మోగింది. దాన్ని మా అమ్మాయికి బెంగళూరు పంపితే తను ఏదో యాప్‌లో పెట్టి చూసి, “నాన్నా, ఇవాళ సెలవట, రేపు తొమ్మిదింటికి తెరుస్తారట” అని చెప్పింది. మళ్లీ మీకు చేశాను. “లోకల్ పార్ట్‌నర్ హాలిడేలో ఉంటే మేమేం చేయగలం సర్” అని వచ్చింది జవాబు. మే 8 ఫ్రాన్స్‌లో ప్రతి ఏడూ సెలవే. 1945లో యూరప్‌లో యుద్ధం ముగిసిన రోజది. ముగిసి 80 ఏళ్లయింది. మీ ఆఫీసుకి ఆ కబురు ఇంకా అందినట్టు లేదు. ఆ తేదీకి టూరు అమ్మినప్పుడు మాత్రం క్యాలెండరు బాగానే కనిపించింది.

ఒక ముక్క పక్కదారి పడతాను. రైల్వేలో ఒక స్టేషన్ నుంచి పక్క స్టేషన్‌కి లైన్ క్లియర్, అంటే బండి పంపడానికి అనుమతి, అడిగితే, అవతలివాడు తన పేరు చెప్పి, ఒక ప్రైవేట్ నంబరు ఇస్తాడు. అది రిజిస్టరులో రాసుకుంటాం. రేపు ఏమైనా జరిగితే ఆ మాట అన్నదెవరో ఆ నంబరే చెబుతుంది. మీ వాళ్లలో ఆరుగురితో మాట్లాడాను, పేరు అడిగిన ప్రతిసారీ “సెక్యూరిటీ రీజన్స్ వల్ల చెప్పకూడదు సర్” అన్నారు. సైకిలు చెయిన్ గురించి మాట్లాడే మనిషి పేరులో దేశ రహస్యం ఏముందో నాకు అంతుపట్టలేదు.

3:20. సూపర్‌వైజరు పది నిమిషాల్లో ఫోన్ చేస్తారన్నారు. 3:30కి నేనే చేస్తే, “మా పనివేళలు ఉదయం 10 నుంచి రాత్రి 7 వరకు” అని రికార్డు. ఆ లెక్క నాకు అప్పుడు బోధపడింది. మీ 24 గంటలు హైదరాబాద్ ఆఫీసు గంటలు. ఇక్కడ ఏడయితే ఫ్రాన్స్‌లో మధ్యాహ్నం మూడున్నర. అంటే మీ కస్టమర్ సైకిలు పాడుచేసుకోదలిస్తే భోజనాల వేళ లోపల పాడుచేసుకోవాలి. ఇది బ్రోషర్‌లో రాసి ఉంటే మేమే కాస్త తొందరపడేవాళ్లం.

మా ఆవిడ గట్టు మీద కూర్చుని, “ఏమండీ, ఆ ఫోన్ ఇక పక్కన పెట్టండి, ఎవరో వస్తున్నారు” అంది. ఒక పెద్దాయన, డెబ్బై దాటి ఉంటాయి, కుక్కని తిప్పడానికి వచ్చాడు. ఆయనకి ఇంగ్లీషు రాదు, మాకు ఫ్రెంచి రాదు. సైకిలు చూశాడు, మా మొహాలు చూశాడు, వెళ్లిపోయాడు. ఇరవై నిమిషాల్లో దగ్గర్లో దారి దాటే చోటికి చిన్న వ్యాను తెచ్చి, రెండు సైకిళ్లూ ఎక్కించి సాన్ జాంగూలో మా బస దగ్గర దింపాడు. బుకింగ్ నంబరు అడగలేదు. డబ్బిస్తే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. మా ఆవిడ సంచీలోంచి సున్నుండలు తీసి ఇచ్చింది. ఒకటి అక్కడే తిన్నాడు, ఒకటి జేబులో వేసుకున్నాడు. ఆ రోజు మీ కంపెనీ తరఫున జరిగిన ఎమర్జెన్సీ సేవకి అయిన మొత్తం ఖర్చు రెండు సున్నుండలు. ఆ బిల్లు మీకు పంపడం లేదు లెండి.

మర్నాడు తొమ్మిదింటికి మీ పార్ట్‌నర్ నోరు విప్పారు. వేరే సైకిలు ఇవ్వడానికి అభ్యంతరం లేదు, హైదరాబాద్ నుంచి ఒక మెయిల్ వస్తే చాలన్నారు. ఒక్క మెయిల్. మీరు పంపలేదు. మా ఆవిడ బస్సెక్కి క్లూనీ వెళ్లింది. కార్లు లేని దారి కోసం ఏడువేల కిలోమీటర్లు వచ్చిన మనిషి, కార్లు దూసుకుపోయే డి981 రోడ్డు మీద కిటికీ పక్కన కూర్చుని వెళ్లింది. నేను ఒక్కణ్ణే తొక్కుకుంటూ పోయాను. కోర్మతాన్ కోట, తేజే ఊరు, పాత స్టేషన్లు అన్నీ ఉన్నాయి. పక్కన ‘అదిగో చూడు’ అని చూపించడానికి మనిషి లేనప్పుడు స్టేషను ఎంత అందంగా ఉంటే ఏం లాభం?

క్లూనీ మఠం 910లో స్థాపించారట. రోములో సెయింట్ పీటర్స్ కొత్తగా కట్టేదాకా క్రైస్తవ లోకంలో అంత పెద్ద చర్చి లేదట. ఫ్రెంచి విప్లవం తర్వాత రాళ్లు అమ్మేసుకోగా ఓ మూల మిగిలింది. ఈ ‘అట’లన్నీ మా ఆవిడ చెప్పినవి. తను లోపల చూస్తోంటే నేను బయట మెట్ల మీద మీ వీణ వింటూ నిలబడ్డాను, 40 నిమిషాలు. ఒక మాట నిజాయితీగా చెబుతాను, సైకిలు పోయినందుకు కాదు, ఆ 40 నిమిషాలకి నేను మిమ్మల్ని క్షమించలేను.

మూడో రోజు క్లూనీలో మా డబ్బుతో ఇంకో సైకిలు అద్దెకి తీసుకున్నాం. ఊరు దాటాక బ్వా క్లేర్ సొరంగం వస్తుంది, కిలోమీటరున్నర పైనే. లోపల చల్లగా ఏసీ బోగీలా ఉంది. చలికాలంలో ఆ సొరంగం మూసేస్తారు, గబ్బిలాల నిద్ర చెడకుండా. అది చదివినప్పుడు మీ కస్టమర్ కేర్ గుర్తొచ్చింది. గబ్బిలాలకి చలికాలం ఒక్కటే, మీవాళ్లకి పన్నెండు నెలలూ.

ఇంటికి వచ్చాక జరిగింది ఇంకా బాగుంటుంది. మెయిల్ పెడితే టికెట్ నంబరు వచ్చింది. వారం తర్వాత సైకిలు ఫోటో అడిగారు, పంపాను. స్పష్టంగా లేదన్నారు, ఇంకోటి పంపాను. ఆ తర్వాత ఫ్రాన్స్ మెకానిక్ దగ్గర సర్టిఫికెట్ తెమ్మన్నారు. సర్టిఫికెట్ కోసం నేను మళ్లీ వీసాకి అప్లై చేయాలా, మీరే టికెట్ తీస్తారా అని అడిగాను. జవాబు లేదు. జూన్ 30న ‘మీ సమస్య పరిష్కారమైంది, టికెట్ మూసేశాం’ అని మెసేజీ. పరిష్కరించింది ఎవరు, ఎవరితో మాట్లాడి? కింద ‘మా సేవకి ఎన్ని నక్షత్రాలు ఇస్తారు’ అని ఇంకో ప్రశ్న. ఒక్కటి ఇస్తే ‘ధన్యవాదాలు, మిమ్మల్ని సంతోషపెట్టినందుకు ఆనందం’ అని వెంటనే వచ్చింది. నాలుగు నెలల్లో మీ దగ్గర నుంచి అంత చురుగ్గా వచ్చిన జవాబు అదొక్కటే.

మీతో ఇది మా నాలుగో ప్రయాణం. కేరళ, భూటాన్, వియత్నాం మీతోనే వెళ్లాం. మా తోడల్లుణ్ణి పంపింది నేను. మా వియ్యంకులు వేరే కంపెనీలో బుక్ చేసుకోబోతుంటే వద్దని మీ నంబరు ఇచ్చింది నేను. ఇప్పుడు పెళ్లిళ్లలో కనిపించి “ఏమండీ బావగారూ, ఫ్రాన్స్ ఎలా ఉంది” అని నవ్వుతున్నారు. దాని ఖరీదు ఎంతని వేయాలి?

డబ్బు గురించి పోట్లాడే మనిషిని కాను. కానీ మూడు రోజుల సైకిలు అద్దె మీదే, క్లూనీలో మేం కట్టినది మీదే, మీ వీణ కచేరీకి అయిన రోమింగ్ బిల్లు కూడా మీదే. అవి తిరిగివ్వండి. ఇవ్వకపోయినా ముందు ఒక మనిషి ఫోన్ చేసి, తన పేరు చెప్పి, ‘పొరపాటైంది’ అనాలి. నిజానికి అది మే 8నే అని ఉంటే ఈ ఉత్తరమే ఉండేది కాదు. పదిహేను రోజులు చూస్తాను. ఆ తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, ఆపైన వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనున్న ఊళ్లోనే కేసు వేయొచ్చు, హైదరాబాద్ దాకా రానక్కర్లేదు, మీరే రావాలి. రిటైరైనవాణ్ణి, వాయిదాలకి తిరగడానికి నాకు బోలెడు తీరిక ఉంది. రిటైర్డ్ రైల్వేవాళ్ల వాట్సాప్ గ్రూపులో 214 మంది ఉన్నాం, అందరికీ పెన్షన్ వస్తుంది, అందరికీ తిరగాలని ఉంది. నోటు పుస్తకం పేజీలు ఫోటోలు తీసి సిద్ధంగా పెట్టాను.

ఇట్లు,
మీ రికార్డుల్లో ‘సంతృప్తి చెందిన కస్టమర్’.

తా.క.: మొన్న మీ దగ్గర నుంచి ఒక మెయిల్ వచ్చింది. ఆత్రంగా తెరిచాను. లువార్ నది పక్కన కోటలు చూసుకుంటూ సైకిల్ టూరు, పాత కస్టమర్లకి 15 శాతం తగ్గింపు. మా ఆవిడ భుజం మీదుగా చదివి, అది ఏ నెలలో అని అడిగింది. నేనింకా ఏమీ చెప్పలేదు.