షాకబ్జర్ స్ప్రింగును ఛాతీతో నొక్కిస్తున్నారు

సంపాదకుడు గారికి నమస్కారం.

ఒంగోలు కర్నూలు రోడ్డులో నాకు బైకు మెకానిక్ షెడ్డుంది. ఇదే రోడ్డు పట్టుకుని పోతే చీమకుర్తి. గ్రానైటు లారీలు తిరిగే దారి కాబట్టి అటు తిరిగే బండ్లకు వెనక షాకబ్జర్లు త్వరగా పోతాయి. మాకు పని దొరుకుతుంది, అది వేరే సంగతి.

పోయిన వారం అటునుంచి ఓ కుర్రాడు రెండు షాకబ్జర్లు గోనెసంచిలో వేసుకొచ్చాడు. ఒకదానికి స్ప్రింగు ఊడి ఉంది. "వీడియో చూసి తీశానన్నా, లాకు ముక్క ఒకటి కనపడటం లేదు" అన్నాడు. వసారా రేకుకు సొట్ట మాత్రం పడిందట. ఆ ముక్క తగిలింది రేకుకు కాబట్టి సరిపోయింది. నా కుడి కనుబొమ్మ మీద ఐదు కుట్లున్నాయి, హెల్పర్‌గా చేసే రోజుల నాటివి.

బండి నుంచి ఊడదీసి బల్ల మీద పెట్టినా స్ప్రింగు నొక్కుకునే ఉంటుంది. చాలా బండ్లలో పై కన్ను (బండికి బోల్టు బిగించే రంధ్రం) కింద అరచందమామల్లాంటి లాకులు రెండు దాన్ని పట్టి ఉంచుతాయి. మిల్లీమీటరుకు రెండు కిలోల బలం అడిగే స్ప్రింగు 25 మిల్లీమీటర్లు నొక్కుకుని ఉందనుకోండి, 50 కిలోలు. సిమెంటు బస్తా బరువు. లాకులు బయటికి రావాలంటే ఇంకాస్త నొక్కాలి. మన షెడ్లలో దానికి ఏం చేస్తారు? ఒక పిల్లాడు ఛాతీ ఆనించి నొక్కుతాడు, ఇంకొకడు స్క్రూడ్రైవర్‌తో లాకులు ఎగదోస్తాడు. చెయ్యి జారితే మొహాలు రెండూ అక్కడే ఉంటాయి.

నేను వాడేది స్ప్రింగ్ కంప్రెసర్, అంటే స్ప్రింగును నొక్కి పట్టే పనిముట్టు. మర ఉన్న కడ్డీలు రెండు, ఒక్కో కడ్డీకి కొక్కేలు రెండు. ముందు స్ప్రింగు బిగువు మార్చే కింద మెట్ల రింగును తిప్పి, స్ప్రింగును బాగా వదులుగా ఉండే మెట్టులో పెట్టాలి. కొక్కేలను ఎదురెదురుగా, వీలైనన్ని చుట్లు కలిసొచ్చేలా తగిలించాలి. ఇటు సగం తిప్పు, అటు సగం తిప్పు. ఒకే పక్క బిగిస్తే స్ప్రింగు వంగి కొక్కెం జారుతుంది. పై వాషరు వేలితో కదిపితే ఆడాలి, అప్పుడే లాకులు తీయాలి. ఆ తర్వాత కూడా తొందర పడకుండా, బిగించినట్టే సగం సగం వదలాలి. షాకబ్జర్ కొస గోడవైపు ఉండాలి, మనిషి వైపు కాదు. కార్లకు వాడే కంప్రెసర్ దీనికి పనికిరాదు, దాని కొక్కేలు ఈ సన్న చుట్లలో కూర్చోవు.

ఒత్తిడితో గ్యాసు నింపిన షాకబ్జర్లను డ్రిల్లుతో పొడిచేవాళ్లనూ, వెల్డింగు మంట పెట్టేవాళ్లనూ చూశాను. వాళ్లకు ఏం చెప్పాలో నాకు తోచడం లేదు.

స్పేర్ పార్టుల షాపుల్లో అడిగితే "ఎవరూ కొనరు, అందుకే తెప్పించం" అంటారు. నాది లేత్ షాపులో చేయించుకున్నదే. మొదట మెత్తని కడ్డీతో చేస్తే మర తెగింది, గట్టి కడ్డీతో మళ్లీ చేయించాను. షాపుల వాళ్లు తలా ఒకటి తెప్పించి కళ్లకు కనపడేలా వేలాడదీస్తే అడిగేవాళ్లు వాళ్లే వస్తారు. అందాకా నాది కావాలన్న మెకానిక్కులు వచ్చి వాడుకోవచ్చు, అద్దె అడగను. ఆ కుర్రాడి రెండో షాకబ్జర్ అతని చేతే విప్పించాను, పావుగంట పట్టింది. పోయిన లాకు ముక్కకు బదులు ఇంకోటి దొరుకుతుందేమోనని ఇంకా పాత సామాన్ల డబ్బాలో వెతుకుతున్నాను.

ఇట్లు,
ఓ బైకు మెకానిక్,
కర్నూలు రోడ్డు, ఒంగోలు