హామ్‌స్టర్‌కు ఎంత జాగా కావాలో అమ్మేటప్పుడే చెప్పాలి

సంపాదకుల వారికి నమస్కారం.

ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయి పట్టుబట్టడంతో గత దసరా సెలవుల్లో ఎలుకను పోలిన చిన్న పెంపుడు జంతువు, ఒక హామ్‌స్టర్‌ను ఇంటికి తెచ్చుకున్నాం. బంగారు రంగులో గుండ్రంగా ఉందని దానికి బూందీ అని పేరు పెట్టింది. పంజరం కూడా ఆ దుకాణంలోనే కొన్నాం. ఇనుప చువ్వలు, కింద నీలం ప్లాస్టిక్ ట్రే, లోపల చిన్న చక్రం, ఒక నీళ్ల సీసా. "ఇంత చిన్నది సరిపోతుందా?" అని అడిగాను. "ఎలుకంత ప్రాణి మేడమ్, దానికి ఈ కేజ్ చాలా ఎక్కువ" అన్నారు. నమ్మాను.

మూడో రోజు నుంచి రాత్రి పదకొండు దాటితే చాలు, చువ్వను కరకరా కొరకడం మొదలుపెట్టేది. రోజూ అదే మూల, అదే చువ్వ, తెల్లవారుజాము దాకా. ఆకలేమోనని పొద్దుతిరుగుడు గింజలు ఇంకాసిని వేశాం. పళ్లు అరగదీసుకుంటోందేమోనన్నారు మావారు. ఆడుకుంటోందనుకుని మా అమ్మాయి వీడియో తీసి స్నేహితులకు పంపింది. నెల తిరిగేసరికి ముక్కు మీద వెంట్రుకలు ఊడి, ఎర్రగా చర్మం కనబడింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, "మందు రాస్తాను గానీ ఈ పంజరం మార్చకపోతే పుండు మానదమ్మా" అన్నారు.

ఆ రోజే టేపు పెట్టి కొలిచాను. అడుగు పొడవు, తొమ్మిది అంగుళాల వెడల్పు. ట్రేలో ఒక ఏ4 కాగితం పరిస్తే ఒకవైపు బొటనవేలంత అంచు మిగిలింది. ఆ కాస్త జాగాలోనే తిండి గిన్నె, చక్రం, పడుకునే డబ్బా ఇరికించాలి. ఒక ప్రాణిని అక్కడ పెట్టి, అది ఆనందంగా ఉందని నెల రోజులు అనుకున్నాం. ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే. మాలాంటి ఇళ్లు ఇంకా చాలా ఉంటాయి.

జర్మనీలో జంతు సంక్షేమం కోసం పనిచేసే పశువైద్యుల సంఘం ఒక హామ్‌స్టర్‌కు కనీసం 100 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు, 50 ఎత్తు ఉండాలని చెబుతోంది. అంటే నేల కొలత 5,000 చదరపు సెంటీమీటర్లు. పిల్లలకు అర్థమయ్యేలా చెప్పాలంటే ఎనిమిది ఏ4 కాగితాలు కలిపి పరిచినంత. మా బూందీకి మేమిచ్చింది ఒక్క కాగితం. పైగా అది కనీస కొలతే, ఎక్కువ ఉంటే ఇంకా మేలు.

ఈ కొలతలు ఎవరో ముద్దుగా ఊహించి చెప్పినవి కావు. స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో పరిశోధకులు మా బూందీ రకమైన బంగారు హామ్‌స్టర్లను 1,800 నుంచి 10,000 చదరపు సెంటీమీటర్ల వరకు నాలుగు సైజుల పంజరాల్లో ఉంచి గమనించారు. 2007లో ఆ వివరాలు వెలువడ్డాయి. చిన్న పంజరాల్లోనివి ఎక్కువసార్లు, ఎక్కువసేపు చువ్వలు కొరికాయి. తలదాచుకోవడానికి పెట్టిన చెక్క గూడు కప్పు మీదకు కూడా అవే ఎక్కువగా ఎక్కి కూర్చున్నాయి. కింద జాగా చాలక పైకి వెతుక్కున్నాయన్నమాట. అక్కడ అన్నిటికన్నా చిన్న పంజరం కూడా మాకు అమ్మినదానికి రెండున్నర రెట్లు పెద్దది!

పొడవు వెడల్పులు ఎంత ముఖ్యమో లోతూ అంతే ముఖ్యం. దీన్ని మన దగ్గర ఎవరూ పట్టించుకోరు. మా తాతగారి ఊళ్లో కోతలయ్యాక పొలం గట్ల మీద ఎలుకల కలుగులు తవ్వితే లోపల వరి కంకులు కుప్పగా బయటపడేవి. హామ్‌స్టర్ కూడా అలాంటి కలుగు జీవే. సిరియాలోని అలెప్పో చుట్టుపక్కల పొలాలు దాని పుట్టిల్లు. 1930లో ఇజ్రాయెల్ అహరోనీ అనే జంతుశాస్త్రవేత్త అక్కడ తవ్వించి ఒక తల్లినీ పిల్లలనూ యెరూషలేముకు పట్టుకెళ్లారు. ఇవాళ ఇళ్లలో పెరిగే బంగారు హామ్‌స్టర్లు దాదాపు అన్నీ ఆ ఒక్క కుటుంబం సంతతే. యెరూషలేములో వాటిని ఉంచిన చెక్క పెట్టెను కొరికి కొన్ని అప్పుడే బయటపడ్డాయట. అలెప్పో దగ్గర ఆ తర్వాత కొలిచిన కలుగులు సగటున 65 సెంటీమీటర్ల లోతు ఉన్నాయి, అంటే దాదాపు మూరన్నర. అంత లోతున బతికే జీవికి మనం వేలెడు మందాన రంపపు పొట్టు చల్లి ఊరుకుంటున్నాం. బెర్న్‌లోనే 2006లో మరో పరిశీలన జరిగింది. 10 సెంటీమీటర్ల మందాన పొట్టు వేసినప్పుడు చువ్వలు కొరికే అలవాటు ఎక్కువగా కనిపించింది. 80 సెంటీమీటర్లు వేసినప్పుడు ఒక్కటీ కొరకలేదు. మన ఇళ్లలో అంత లోతు కుదరకపోవచ్చు, కానీ జానెడు మందం వేయడం ఎవరికైనా సాధ్యమే. ట్రే అంచు రెండంగుళాలే ఉన్న పంజరంలో మాత్రం అదీ కుదరదు.

దుకాణాల్లో రెండంతస్తులు, మూడంతస్తుల పంజరాలు చూపించి అన్నీ కలిపి పెద్దదంటారు. ఆ లెక్క ఒప్పుకోకండి. హామ్‌స్టర్‌కు చూపు అంతంత మాత్రం, ఎత్తు అంచనా తెలియదు. పైనుంచి పడితే కాళ్లు విరుగుతాయి. దానికి కావలసింది ఒకే నేల, తెగకుండా ఉన్న నేల. చక్రం విషయమూ అంతే. మాకిచ్చిన చక్రం ఐదంగుళాలది. దానిలో పరుగెత్తుతుంటే బూందీ వీపు విల్లులా వంగిపోయేది. బంగారు హామ్‌స్టర్‌కు పదకొండు అంగుళాల చక్రం ఉండాలి. అదీ మధ్యలో సందుల్లేకుండా, కాలు ఇరుక్కోకుండా ఉండాలి. అంత చక్రం పట్టని పంజరం హామ్‌స్టర్‌కు పనికిరాదని అక్కడికక్కడే తేల్చుకోవచ్చు.

జతగా అమ్మడం ఇంకో అన్యాయం. ఒంటరిగా ఉంటే దిగులు పడుతుందని చెప్పి రెండు అంటగడతారు. పెద్దవైన బంగారు హామ్‌స్టర్లు ఒకే చోట ఉంటే ఒకదాన్నొకటి చంపుకునే దాకా పోతాయి. పొలాల్లోని కలుగుల్లోనూ పెద్దది ఒక్కటే ఉంటుంది.

మా సంగతికొస్తే, వడ్రంగి చేత నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పున ప్లైవుడ్ పెట్టె చేయించాం. ముందువైపు అద్దం, పైన గాలి ఆడేలా ఇనుప జాలీ, కొరకకుండా అంచులకు అల్యూమినియం పట్టీలు. పంజరానికి పెట్టిన డబ్బుకు రెట్టింపు అయింది. ఆ దారి లేనివాళ్లు నాలుగడుగుల పాత చేపల తొట్టి కొని పైన జాలీ వేసుకోవచ్చు. లోపల అచ్చు లేని కాగితం ముక్కలు, ఎండుగడ్డి జానెడు మందాన నింపాం. దూది మాత్రం వేయకూడదు, పోగులు కాళ్లకు చుట్టుకుంటాయి. బూందీ మొదటి రాత్రే ఆ గడ్డిలోకి దిగిపోయి రెండు రోజులు కనబడలేదు. మా అమ్మాయి ఏడ్చింది. తర్వాత అద్దం పక్కనే సొరంగం, దాని చివర బుగ్గల్లో మోసుకెళ్లి దాచిన గింజల కుప్ప కనబడ్డాయి. కరకర శబ్దం ఆగిపోయింది. ముక్కు మీద మళ్లీ వెంట్రుకలు వచ్చాయి.

మన వేసవికి కూడా పెద్ద ఇల్లే కావాలి. హనుమకొండలో ఎండ 43 డిగ్రీలు దాటుతుంది. చిన్న పంజరంలో ఒక మూల వేడెక్కిందంటే పంజరమంతా వేడెక్కినట్లే, తప్పుకునే చోటుండదు. పెద్ద పెట్టెలో చల్లని మూలన ఒక మట్టి మూకుడు బోర్లించి పెడితే దాని కిందకు చేరుతుంది.

ఇక చట్టం సంగతి. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం వచ్చింది 1960లో. కదలడానికి తగినంత ఎత్తు, పొడవు, వెడల్పు లేని పంజరంలో జంతువును బంధించడం నేరమని అందులోని 11వ సెక్షన్ చెబుతోంది. మొదటిసారి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలు. 2018లో పెంపుడు జంతువుల దుకాణాలకు నిబంధనలు వచ్చాయి. రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కాకుండా దుకాణం నడపకూడదు. అయితే దుకాణంలో జంతువు ఉండేది కొన్నాళ్లే. మిగిలిన రెండు మూడేళ్లూ, అంటే దాని జీవితమంతా, గడిచేది ఇంటికి అమ్మిన పంజరంలోనే. దాని కొలత గురించి కొనేవాళ్లకు ఒక్క ముక్క చెప్పేవాళ్లు లేరు.

నేను కోరేది పెద్ద పనేమీ కాదు. పంజరం మీద లోపలి నేల కొలతను సెంటీమీటర్లలో రాసి, ఏ జంతువుకు సరిపోతుందో, దేనికి సరిపోదో తెలుగులో ముద్రించాలి. మా ఇంట్లో ఉన్నలాంటి పంజరం మీద "హామ్‌స్టర్‌ను ఒకచోటి నుంచి ఒకచోటికి తీసుకెళ్లడానికి మాత్రమే" అని ఉండాలి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండు ప్రభుత్వాల జంతు సంక్షేమ బోర్డులూ దుకాణాలను నమోదు చేసేటప్పుడే దీన్ని షరతుగా పెట్టాలి. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లనూ వదలకూడదు. వేసవి సెలవులు రాబోతున్నాయి. పిల్లలకు పెంపుడు జంతువులు కొనిచ్చేది ఎక్కువగా అప్పుడే. ఈలోగా మీ పత్రికలో ఆ కొలతలు ఒక్కసారి ప్రచురించినా, దుకాణంలో నేను అడిగిన ప్రశ్నకు ఇంకో తల్లికి సరైన జవాబు ముందే దొరుకుతుంది.

— ఒక పాఠకురాలు, హనుమకొండ