కొలత సరిపోయినా ఆ షాఫ్టులు ఒకసారి తెచ్చి చూపించండి

అనంతపురంలో మా గ్రైండింగ్ షాపుకు ఏళ్లుగా పని ఇస్తున్నవారికి,

గత నెలలో తాడిపత్రి బండల ఫ్యాక్టరీ స్పిండిల్ (మెషిన్‌లో తిరిగే ఇరుసు) ఒకటి, బోరు బండి షాఫ్టు ఒకటి బేరింగ్ కూర్చునే చోట సన్నని పగుళ్లతో తిరిగి వచ్చాయి. తప్పు మా మెషిన్ మీదే జరిగింది.

వాడేకొద్దీ గ్రైండింగ్ వీల్ ముఖం గాజులా నునుపెక్కుతుంది. అప్పుడది ఇనుమును కోయలేక రాపిడితో మాడుస్తుంది. అందుకే వజ్రపు మొన ఉన్న డ్రెస్సర్‌తో ఒక్కో విడతకు 10, 20 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తీసి కొత్త పదును రప్పిస్తాం. వజ్రాన్ని 10, 15 డిగ్రీలు వాల్చి పట్టాలి, అప్పుడప్పుడు తిప్పాలి, కూలెంట్ (చల్లబరిచే ద్రవం) మొదటి నుంచీ పారాలి. బాగా వేడెక్కిన వజ్రం మీద చల్లటి కూలెంట్ పడితే వజ్రమైనా పగులుతుంది. ఇందులో నేను ఏదీ తప్పలేదు.

14 ఏళ్లుగా డ్రెస్సర్లు ఇస్తున్న వ్యాపారి ఈసారి పంపిన మూడింటిలోనూ వజ్రం కాడలో గట్టిగా కూర్చోలేదు. కదిలే వజ్రం వీల్ మీద గంతులేస్తుంది, పదును రాదు. నేను ముందు కూలెంట్‌ను అనుమానించాను, తర్వాత మా కుర్రవాణ్ణి తిట్టాను (క్షమాపణ చెప్పాను, అయినా అతను ఇంకా ముభావంగానే ఉన్నాడు). భూతద్దం పెట్టి చూశాక ఫోను చేస్తే, ఆ పెద్దమనిషి “మీకు పట్టడం చేతకాలేదేమో” అన్నాడు. 30 ఏళ్లుగా చప్పుడు విని వీల్ పదును చెప్పేవాణ్ణి నేను! ఆయన డబ్బు వాపసు ఇస్తానన్నా నేను తీసుకోలేదు. ఆ మూడూ గుమ్మం పక్కన మేకుకు వేలాడుతున్నాయి.

ఆ డ్రెస్సర్లు వాడిన 15 రోజుల్లో 19 షాఫ్టులు బయటికి వెళ్లాయి. మైక్రోమీటర్ కొలతకు అన్నీ సరిపోయాయి, ఎవరూ అడగలేదు. ఊరుకుందామా అని మూడు రాత్రులు ఆలోచించిన మాట నిజం. చివరి సన్నని విడతల్లో మాడిన రంగు చెరిగిపోతుంది, కింద మెత్తబడిన పొర ఉండిపోతుంది. ఆల్కహాల్‌లో కొద్దిగా నైట్రిక్ ఆమ్లం కలిపి తుడిస్తేనే అది నల్లటి మచ్చగా కనిపిస్తుంది. షాపులో మిగిలిన రెండింటిని తుడిచాను, ఒకదానికి మచ్చ తేలింది. నాలుగో రోజు ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

పరీక్షకు డబ్బు తీసుకోను. మచ్చ ఉంటే సరిచేసి ఇస్తాను, పగులు ఉంటే కొత్త షాఫ్టు నా ఖర్చే. వేరేచోట కొన్న డ్రెస్సర్లు వచ్చాయి, ఒక్కొక్కటీ భూతద్దం కింద చూశాకే బిగిస్తున్నాను.

ఇక మీదట బెంగళూరులో చేయించుకుంటామంటే కాదనను. పాత షాఫ్టు మాత్రం ముందు నాకు చూపించి వెళ్లండి.