వరి కొయ్యలకు నిప్పు పెట్టేముందు మాకొక్క మాట చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

మాది వర్ధన్నపేట దగ్గర ఒక పల్లె. మాకు 110 గొర్లు, రెండు మేకలు ఉన్నాయి. మా ఆయన, పెద్దోడు మందను తోలుకుని పోతారు. ఇంటి దగ్గర గొర్రె పిల్లలను చూసే పని నాది, మా అత్తమ్మది. ఇప్పుడు గొర్లు ఈనే ఈతల కాలం. చేతిలో పని వదిలి ఉత్తరం రాసే తీరిక లేదు. అయినా మా చుట్టుపక్కల వరి కోతలు అయిపోవస్తున్నాయి కాబట్టి రాయక తప్పడం లేదు. రైతులకు నా మనవి ఒక్కటే. మిషన్‌తో కోత అయ్యాక కొయ్యలకు నిప్పు పెట్టేముందు, దగ్గర్లో ఉన్న గొర్ల కాపరికి ఒక మాట చెప్పండి. రెండు రోజులు ఆగండి.

మృగశిర కార్తెలో వానలు పడి పచ్చిక మొలిచినప్పుడు మా గొర్లు సూడి కడతాయి. సూడి ఐదు నెలలు. కార్తీకంలో మొదలైతే సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతర దాకా ఈతలే. ఒక్కో రాత్రి ఒక్కటి కూడా ఈనదు, ఒక్కో రాత్రి ఐదారు ఈనుతాయి. ఈనబోయే గొర్రె మంద నుంచి పక్కకు జరిగి, కాలితో నేలను గీకుతుంది, పడుకుంటుంది, లేస్తుంది. ముందు కాళ్లు రెండూ, వాటి మీద ముక్కు కనిపిస్తే నేను దూరంగానే కూర్చుంటాను, అది తనంతట తనే ఈనుతుంది. ఒక కాలు వెనక్కి మడతపడితే మాత్రం మా అత్తమ్మను లేపుతాను. ఆమె చేతులు సబ్బుతో కడుక్కుని, పల్లినూనె రాసుకుని, పిల్లను మెల్లగా లోపలికి నెట్టి కాలు సరిచేస్తుంది. ఆమెకు డెబ్బై ఏళ్లు దాటాయి. ఆ పనిలో ఆమె చెయ్యి ఇప్పటికీ వణకదు.

పిల్ల కింద పడగానే మూతి మీది జిగురు తుడవాలి. మిగతాది తల్లి నాకుతుంది, నాకనివ్వాలి. ఆ నాకుడుతోనే తల్లికి తన పిల్ల వాసన పట్టుబడుతుంది. బొడ్డుకు టించర్ అయోడిన్ పెట్టాలి. చన్నుల్లో మొదటి రెండు ధారలు పిండి పారేసి, గంటలోపు ముర్రుపాలు తాగించాలి. ఆ పాలు పడని పిల్ల చలికి తట్టుకోదు, రోగానికీ తట్టుకోదు.

తెల్లవారుజామున నాలుగింటికి లేచి నేను మొదట చేసే పని పిల్లల నోట్లో వేలు పెట్టి చూడడం. గంప కింద గోనెసంచి మీద ఒకదానికొకటి ఆనుకుని పడుకుంటాయి. చూడడానికి అన్నీ ఒకేలా నిద్రపోతున్నట్టు ఉంటాయి. వేలు పెడితే తెలుస్తుంది. పాలు తాగిన పిల్ల నోరు వెచ్చగా ఉంటుంది, వేలిని గట్టిగా పట్టి చీకుతుంది. తాగని పిల్ల నోరు చల్లగా, నీళ్లలో వేలు ముంచినట్టు తగులుతుంది. నాలుక కదలదు. పొట్ట పట్టుకుంటే గుడ్డ సంచిలా ముడుచుకుంటుంది. వెంటనే దాన్ని గొంగడిలో చుట్టి పొయ్యి పక్కన పెట్టి, ఒంట్లో వేడి వచ్చాక మేకపాలు గోరువెచ్చగా చేసి సీసాతో పడతాను. వేడి రాకముందే పాలు పడితే గొంతులో ఇరుక్కుంటాయి. మా రెండు మేకలూ అందుకోసమే. ఒక మంచి సంవత్సరం ఇట్లాంటి పిల్లలు మొత్తం ఈతల్లో నాలుగో ఐదో ఉంటాయి. పోయినేడు ఒక్క మార్గశిరంలోనే పదిహేడు పిల్లలకు సీసా పట్టాను. ఆరు దక్కలేదు.

రోగం ఏమీ లేదు. తల్లులకు పాలు లేవు, అంతే.

ఈనిన గొర్రె పగలంతా కడుపు నిండా మేస్తేనే సాయంత్రానికి పొదుగు నిండుతుంది. ఇంటి దగ్గర తవుడు, కంది పొట్టు, తుమ్మకాయలు ఎంత పెట్టినా పచ్చిమేతకు సరిరావు. మా మామ రోజుల్లో కోతలు కొడవళ్లతో చేసేవాళ్లు. కోసిన పొలాలు సంక్రాంతి దాటేదాకా ఊరికే ఉండేవి. గట్ల మీద గడ్డి, కొయ్యలకు వచ్చే లేత చిగురు, రాలిన వడ్లు మేసి గొర్లు బలిసేవి. ఇప్పుడు ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) కాలువ నీళ్లు వచ్చాయి, యాసంగి వరి వచ్చింది. అది మంచిదే, రైతు ఇంటికి రెండు పంటలు వస్తే మాకూ సంతోషమే. కానీ మిగిలిన చెలకలన్నీ పత్తి. సంక్రాంతి దాటినా పత్తి పీకరు, మందులు కొట్టిన ఆ చేన్లలోకి గొర్లను తోలితే ఏం జరుగుతుందో మాకు తెలుసు. మొక్కలు నాటిన చోట్లకు పోనివ్వరు. మాకు మిగిలింది వరి కొయ్యలే. అది కూడా కోత మిషన్ పోయిన తెల్లారే బూడిద అవుతోంది. మిషన్ మోకాలి కిందిదాకా కొయ్యలు వదిలి గడ్డి చల్లేసి పోతుంది, కూలీలు దొరకరు, నారు ముదిరిపోతుందని రైతుకు టెన్షన్. అగ్గిపెట్టె తీయడానికి కారణం నాకు అర్థం కాక కాదు.

పోయినేడు మార్గశిరంలో జరిగింది చెప్తాను. మొదటి ఈత గొర్రె ఒకటి మందలో వెనకపడి, కోసిన పొలంలో గట్టు పక్కన ఈనింది. మా ఆయన ముందర ఉన్నాడు, చూడలేదు. పక్క పొలం రైతు తన మడిలో కొయ్యలకు నిప్పు పెట్టి ఇంటికి పోయాడు. గాలి మళ్లి మంట ఇటు వచ్చింది. పొగ చూసి మా పెద్దోడు ఉరికేసరికి గొర్రె పారిపోలేదు. నల్లబడిన కొయ్యల్లో పిల్ల మీద కాళ్లు దూరంగా పెట్టి అలాగే నిలబడి ఉంది. దాని పొట్ట కింది బొచ్చు కాలింది. పిల్లకు ఒంటి మీద ఎక్కడా మంట తగల్లేదు. కానీ పొగ మింగింది. రెండు రాత్రులు నా ఒడిలోనే పెట్టుకున్నాను, మూడో రోజు పొద్దున్నకు ఊపిరి ఆగింది.

ఆ రైతు ఇంటికి వచ్చాడు. "తెల్వదక్కా, అక్కడ గొర్రె ఉన్నట్టు చూడలే" అని తలొంచుకుని కూర్చున్నాడు. ఆయన మీద నాకు కోపం లేదు. నిజంగానే తెలియదు. మేం అక్కడ ఉన్నట్టు ఆయనకు తెలియదు, ఆయన నిప్పు పెడుతున్నట్టు మాకు తెలియదు. ఈ ఉత్తరం అందుకే.

ఆ తల్లికి తల్లిలేని పిల్ల ఒకదాన్ని అలవాటు చేశాం. దాని పాలే పిండి పిల్ల వీపుకు, తోకకు రాసి, నేను గొర్రె మెడ పట్టుకుంటే అత్తమ్మ పిల్లను చన్నుకు అందించేది. నాలుగు రోజులు తన్నింది. ఐదో రోజు సాయంత్రం మంద దొడ్డిలోకి రాగానే అరుచుకుంటూ నేరుగా ఆ పిల్ల దగ్గరికే పోయింది. సాయంత్రం ఆ వేళ చూసినవాళ్లకు తెలుస్తుంది. తడిక తీస్తే అరవై తల్లులు, అరవై పిల్లలు ఒక్కసారే అరుస్తాయి. చెవులు గింగుర్లెత్తే ఆ గోలలో ఏ పిల్ల గొంతు ఏ తల్లిదో మనకు తెలియదు, వాటికి తెలుసు. తోక కింద ఒక్కసారి వాసన చూసుకుని నిలబడతాయి. కాసేపటికి దొడ్డంతా ఒక్కసారిగా సద్దుమణిగి, చీకుతున్న చప్పుడే వినిపిస్తుంది. పాలు లేని సాయంత్రాల్లో మాత్రం ఆ అరుపులు ఆగవు. పోయినేడు అర్ధరాత్రి దాకా విన్నాను.

రైతులకు కూడా ఇందులో నష్టం లేదు. ఒక టన్ను వరిగడ్డి కాలిస్తే 5.5 కిలోల నత్రజని, 25 కిలోల పొటాష్ పోతాయని వ్యవసాయ అధికారులు చెప్పే లెక్క. బస్తాలకు డబ్బు పెట్టి కొనేది అదే. మా మంద ఒక రాత్రి మీ మడిలో పడుకుంటే పెంట, మూత్రం నేలలోకే పోతాయి. పూర్వం మంద పెట్టినందుకు మాకు వడ్లు కొలిచి ఇచ్చేవాళ్లు. ఈతల కాలంలో మాకు వడ్లు వద్దు, పైసలు వద్దు. మేత చాలు.

2019 పశుగణనలో గొర్ల లెక్కలో మన తెలంగాణ దేశంలోనే మొదటి స్థానంలో ఉంది, 1 కోటి 91 లక్షలు. ఇన్ని గొర్లున్న రాష్ట్రంలో కోత అయిన మడి ఎక్కడుందో కాపరికి చెప్పే ఏర్పాటు కష్టమేమీ కాదు. ఊరి పంచాయతీ మైకులో ధాన్యం కొనుగోలు కేంద్రం గురించి చెప్తారు, పోలియో చుక్కల గురించి చెప్తారు. ఫలానా చెరువు కింద కోతలు అయ్యాయి, గొర్లవాళ్లు తోలుకోవచ్చు అని కూడా చెప్పమని సర్పంచులను అడుగుతున్నాను.

మా కాపరులకు కూడా ఒక మాట. రాలిన వడ్లు ఎక్కువ ఉన్న మడిలోకి ఖాళీ కడుపుతో గొర్లను వదలకండి, కడుపు ఉబ్బి చస్తాయి. ముందు ఇంత ఎండుమేత పెట్టి తోలండి. గట్లు తెగకుండా, పక్కన నారుమడిలో కాలు పడకుండా చూసే బాధ్యత మనదే. అది చూడకపోతే రైతు ఎందుకు పిలుస్తాడు?

ఈ వారం మా మంద మా ఊరి చెరువు కింద ఉంది. ఇంకా ముప్పై దాకా గొర్లు ఈనాలి. కోత అయిన వాళ్లు మా పెద్దోడికి ఒక కేక వేయండి. పొద్దున చెప్తే మధ్యాహ్నానికి వస్తాం, ఆ రాత్రి మంద మీ మడిలోనే కడతాం.

ఇట్లు,
ఒక గొర్ల కాపరి ఇల్లాలు
వర్ధన్నపేట ప్రాంతం, వరంగల్ జిల్లా