గోడబొమ్మ వేసే ముందు గల్లీవాళ్లను అడగండి

సంపాదకుడు గారికి,

నేను బోరబండలో పెయింటర్‌ని. ఫ్లెక్సీలు వచ్చాక సైన్‌బోర్డుల పని పడిపోయింది, ఇప్పుడు మాకు అన్నం పెట్టేది గోడలే. ఈ మధ్య మానసిక ఆరోగ్యం మీద బస్తీల్లో బొమ్మలు వేయిస్తామని కాలేజీ పిల్లలు, సంస్థలవాళ్లు వస్తున్నారు. సంతోషం. కానీ వాళ్లు తెచ్చే డిజైన్ ఎప్పుడూ ఒకటే: నల్ల బ్యాక్‌గ్రౌండు, తల పట్టుకుని కూర్చున్న మనిషి, కింద ఇంగ్లిషులో ఒక ముక్క. మా పక్క గల్లీలో అలాంటిదే వేస్తే, "ఈ ఇంట్లో ఎవరికి పిచ్చి?" అని దారినపోయేవాళ్లు అడగడం మొదలుపెట్టారు. నెల తిరక్కుండా ఇంటివాళ్లు సున్నం కొట్టించేశారు. వాళ్లను తప్పుపట్టలేం, పెళ్లీడు పిల్ల ఉన్న ఇల్లు.

ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి మాకు దగ్గరే. అక్కడికి మందులకు వెళ్తూ, పళ్ల డాక్టరు దగ్గరికని చెప్పేవాళ్లు మా బస్తీలోనే ఉన్నారు.

అమెరికాలో ఫిలడెల్ఫియా నగరంలో 'మ్యూరల్ ఆర్ట్స్' అనే కార్యక్రమం ఉంది. ఆత్మహత్యల సమస్య మీద 2012లో అక్కడ పెద్ద గోడబొమ్మ వేశారు. ఆప్తులను పోగొట్టుకున్నవాళ్లను, తామే ఆ అంచుదాకా వెళ్లి వచ్చినవాళ్లను కూర్చోబెట్టుకుని పని చేశారు. వాళ్ల పద్ధతి మా అబ్బాయి ఫోన్‌లో చూపించాడు. పలచటి గుడ్డ మీద గీతలు గీసి, ఏ గడిలో ఏ రంగో నంబరు వేసి ఇస్తారు. జనం రంగు నింపాక ఆ ముక్కలను తెచ్చి గోడకు అతికిస్తారు. నిచ్చెన ఎక్కలేని ముసలమ్మ కూడా బల్ల దగ్గర కూర్చుని కుంచె పట్టొచ్చు. ఇన్నేళ్లుగా ఈ పనిలో ఉండి నాకు తట్టలేదు!

మన దగ్గరా అలా చేయొచ్చు. ముందు అంగన్‌వాడీలో ఒక సాయంత్రం గల్లీవాళ్లను పిలిచి, ఏం వేయాలో వాళ్లనే చెప్పమనండి. మెయిన్ రోడ్డు మీద కాదు, రేషన్ షాపు ఎదురుగా, జనం నిలబడేచోట వేయండి. బొమ్మ ఏదైనా సరే, మనసు బాగోలేనివాళ్లు ఫోన్ చేసి మాట్లాడుకునే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 జానెడు అంకెల్లో ఉండాలి. ఆ ఫోను ఉచితం, రాత్రీపగలూ తెలుగులో మాట్లాడతారని పక్కనే రాయాలి. ప్రభుత్వం దాన్ని మొదలుపెట్టింది 2022 అక్టోబరులో. మా బస్తీలో ఎవరిని అడిగినా ఆ నంబరు తెలియదు.

ఇంకొక్క మాట. చెమ్మ గోడకు ప్రైమర్ లేకుండా రంగు వేస్తే ఒక్క వానాకాలానికే పెచ్చులూడుతుంది. ప్రైమర్ డబ్బులు మిగుల్చుకోవద్దని కాంట్రాక్టర్లకు, ఆ అంకెల మీద పోస్టర్లు అంటించొద్దని కోచింగ్ సెంటర్లకు, అన్ని పార్టీలవాళ్లకు మీ పత్రిక ద్వారా మనవి.

- ఒక పెయింటర్, బోరబండ, హైదరాబాద్